అట్లాంటా తెలుగు సంఘాల పెద్దలకి: మనవాళ్ళు పోతేనే మాట్లాడదామా?

అట్లాంటా చుట్టుపక్కల ఉన్న తెలుగు సంఘాల కమిటీ పెద్దలకి, గుడి ట్రస్టీలకి, వందలమంది ఉన్న వాట్సాప్ గ్రూపులు నడిపే అడ్మిన్ అన్నయ్యలకి, వదినలకి నమస్కారం.

నేను అట్లాంటా పక్కన ఫోర్సైత్ కౌంటీలోని కమ్మింగ్‌లో ఉంటాను. మీలో చాలామందికి నేను తెలుసు, మీ ఇళ్ళల్లో భోజనాలు చేశాను, మీ పిల్లల అన్నప్రాసనలకి వచ్చాను. పేరు ఎందుకు రాయట్లేదంటే పేరు చూడగానే ఏ ఊరు, ఎవరి తాలూకు, ఏ వర్గం అని లెక్కలు మొదలవుతాయి, అసలు విషయం పక్కకి పోతుంది. మన సంగతి మనకి తెలియంది కాదు కదా.

విషయం మార్చ్ 16 గురించి. 2021లో ఆ రోజు సాయంత్రం ఆక్‌వర్త్ దగ్గర ఒక మసాజ్ పార్లర్‌లో, తర్వాత అట్లాంటాలో పీడ్‌మాంట్ రోడ్డు మీద ఎదురెదురుగా ఉన్న ఇంకో రెండు స్పాల్లో, 21 ఏళ్ళ కుర్రాడు ఒకడు తుపాకి పట్టుకుని దూరి మొత్తం 8 మందిని చంపేశాడు. అందులో ఆరుగురు ఆసియా ఆడవాళ్ళే, చైనా నుంచి, కొరియా నుంచి వచ్చి ఇక్కడ బతుకుతున్నవాళ్ళు. హ్యున్ జంగ్ గ్రాంట్ అనే ఆవిడైతే ఇద్దరు మగపిల్లల్ని ఒంటిచేత్తో పెంచుకుంటోంది, కొరియాలో ఉన్నప్పుడు స్కూల్ టీచర్ అని కొడుకే చెప్పాడు. ఆక్‌వర్త్‌లో భార్యతో కలిసి మసాజ్‌కి వచ్చిన ఒకాయన్ని, ఆయన మెక్సికో మనిషి, పోలీసులు బేడీలు వేసి గంటల తరబడి కూర్చోబెట్టారు, భార్య చనిపోయిందన్న మాట చివరికెప్పుడో చెప్పారు. మర్నాడు షెరీఫ్ ఆఫీసు తరఫున మైకు ముందుకొచ్చినాయన ఆ కుర్రాడికి నిన్న బాగా చెడ్డ రోజు అన్నట్టు మాట్లాడాడు. ఎనిమిది ప్రాణాలు తీసినవాడి మూడ్ గురించి!

ఆక్‌వర్త్ కాల్పులు జరిగింది చెరొకీ కౌంటీలో, మన ఫోర్సైత్‌ని ఆనుకునే ఉంటుంది. ఆ వారం నేను మన పెద్ద గ్రూపు ఒకదాంట్లో మెసేజ్ పెట్టాను, కొరియన్ చర్చి వాళ్ళు సంతాప సభ పెడుతున్నారు, మనవాళ్ళు ఎవరైనా వస్తారా, కార్లో చోటుంది అని. వచ్చిన జవాబు ఏంటంటే "మేడం, ఇది తెలుగు ఈవెంట్స్ గ్రూప్, నో పాలిటిక్స్ ప్లీజ్". ఇంకొకాయన "అవి ఎలాంటి స్పాలో తెలుసాండీ మీకు" అని రాసి పక్కన కన్నుకొట్టే బొమ్మ పెట్టాడు. దానికి 14 లైకులు. నెల తిరక్కుండానే ఏప్రిల్ 13న ఉగాది వచ్చింది, జూమ్‌లో ప్లవ నామ సంవత్సర పంచాంగ శ్రవణం పెట్టారు, ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అన్నీ చదివారు, పిల్లలు ముద్దుముద్దుగా పద్యాలు చెప్పారు, పక్క కౌంటీలో పోయినవాళ్ళ కోసం ఒక్క నిమిషం మౌనం లేదు. మిమ్మల్ని తప్పుపట్టట్లేదండీ అని రాద్దామనుకున్నాను ఇక్కడ, కానీ పడుతున్నా, అబద్ధం ఎందుకు.

మీరు అనే మాట నాకు తెలుసు. వాళ్ళు చైనీస్, కొరియన్, మనం ఇండియన్స్, మనకెందుకొచ్చిన గొడవ. సరే, ఆ లెక్క ఎదుటివాడికి తెలుసా మరి?

1982లో డెట్రాయిట్ దగ్గర విన్సెంట్ చిన్ అని 27 ఏళ్ళ కుర్రాడు, ఇంకో వారంలో పెళ్ళి, ఫ్రెండ్స్‌తో సరదాగా బయటికెళ్ళాడు. జపాన్ కార్ల వల్ల మా ఉద్యోగాలు పోతున్నాయని రగిలిపోతున్న తండ్రీ సవతికొడుకూ ఇద్దరు, కార్ల కంపెనీల్లో పనిచేసినవాళ్ళే, బేస్‌బాల్ బ్యాట్‌తో అతని తల పగలగొట్టారు. అతను జపాన్ వాడే కాదు, చైనీస్. జడ్జిగారు వేసిన శిక్ష 3,000 డాలర్ల ఫైను, మూడేళ్ళ ప్రొబేషన్, జైలు మాత్రం లేదు. 2001లో సెప్టెంబర్ 11 అయిన నాలుగో రోజునే అరిజోనాలోని మెసాలో బల్బీర్ సింగ్ సోధీ అని సర్దార్జీ, తన గ్యాస్ స్టేషన్ ముందు పూలమొక్కలు నాటిస్తుంటే కాల్చి చంపారు, తలపాగా చూసి. ఆయన సిక్కు. కాల్చినవాడికి సిక్కు ఎవరో, అరబ్బు ఎవరో తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు.

ఇక మన కూచిభొట్ల శ్రీనివాస్. 2017 ఫిబ్రవరి 22, కాన్సాస్‌లోని ఓలేత్‌లో, ఆఫీసయ్యాక ఫ్రెండ్ మాదసాని అలోక్‌తో కలిసి బార్ వరండాలో కూర్చుని ఉంటే ఒకడొచ్చి మీరెక్కడివాళ్ళు, ఇక్కడికెలా వచ్చారు అని మొదలుపెట్టాడు. సిబ్బంది బయటికి పంపించేస్తే తుపాకితో తిరిగొచ్చి మా దేశంలోంచి పొండి అని అరుస్తూ కాల్చాడు. శ్రీనివాస్‌కి 32 ఏళ్ళు. టెక్సాస్‌లో ఎం.ఎస్. చేశాడు, గార్మిన్‌లో ఇంజనీరు, వీసా, టాక్సులు, పేపర్లు అన్నీ పక్కా. ఏవీ అడ్డుపడలేదు.

ఇద్దరు ఇరానీల్ని చంపానని ఆ కాల్చినవాడే తర్వాత ఎవరితోనో చెప్పుకున్నాడు. ఆ ముక్క బయటికొచ్చాక మన ఇళ్ళల్లో, మన చానెళ్ళల్లో ఒకటే మాట, అయ్యో పాపం, ఇరాన్ వాళ్ళనుకుని పొరపడ్డాడంట. నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కావట్లేదు, అంటే నిజంగా ఇరాన్ వాళ్ళైతే లెక్క సరిపోయినట్టేనా? ఇరాన్ తల్లిది కడుపు కాదా? మనల్ని వేరే వాళ్ళనుకున్నారు అని మనం బాధపడినంతకాలం ఆ వేరేవాళ్ళని కొట్టొచ్చు అని ఒప్పుకున్నట్టే అవుతుంది, కాస్త ఆలోచించండి.

ఆ రాత్రి ఇంకొకతను కూడా ఉన్నాడు, ఇయాన్ గ్రిలట్, 24 ఏళ్ళ తెల్ల కుర్రాడు. శ్రీనివాస్, అలోక్ అతనికి చుట్టాలు కాదు, ఫ్రెండ్స్ కాదు. టేబుల్ కింద నక్కి తుపాకి మోతలు లెక్కపెట్టాడు, తొమ్మిది అయ్యాయి, ఇంక గుళ్ళు అయిపోయి ఉంటాయనుకుని లేచి వాడి వెంటపడ్డాడు, కానీ ఇంకొకటి మిగిలింది. ఆ గుండు అతని చేతిలోంచి వెళ్ళి ఛాతీలోకి దూరింది, చావుతప్పి బయటపడ్డాడు. హ్యూస్టన్‌లో మన ఇండియన్స్ అతన్ని పిలిచి సన్మానం చేసి ఇల్లు కొనుక్కోవడానికి లక్ష డాలర్లు ఇచ్చారు. చాలా మంచి పని, కృతజ్ఞత చూపించడంలో మనవాళ్ళు ఎప్పుడూ తక్కువ కాదు. నేను అడిగేది ఏంటంటే, మన వంతు వచ్చినప్పుడు, అంటే గ్రోసరీ స్టోర్‌లో ఒక చైనీస్ ముసలామెని ఎవడో తిడుతుంటే, ఇయాన్ లాగా తుపాకికి ఎదురెళ్ళక్కర్లేదు, కనీసం ఫోన్‌లోంచి తలెత్తి చూసేవాళ్ళం మనలో ఎంతమందిమి?

అప్పట్లో మనవాళ్ళ సంఘం ఒకటి ఒక సలహా బయటికి వదిలింది, బయట పబ్లిక్‌లో తెలుగులో మాట్లాడితే అపార్థం చేసుకునే అవకాశం ఉంది, ఇంగ్లీషులో మాట్లాడుకుంటే మంచిది, ఎవరైనా కయ్యానికొస్తే వాదించకుండా వచ్చేయండి అని. భయంలో ఇచ్చిన సలహా, నేను వెక్కిరించను, ఆ రోజుల్లో మా ఇంట్లో కూడా వాల్‌మార్ట్‌కి వెళ్తే గొంతు తగ్గించుకునేవాళ్ళం. కానీ దాంట్లో ఉన్న ఆలోచన చూడండి, మనం ఇంకాస్త చిన్నగా, ఇంకాస్త కనపడకుండా ఉంటే సరిపోతుంది అని. శ్రీనివాస్ ఇంగ్లీష్ అనర్గళంగా మాట్లాడేవాడు మరి.

కనపడకుండా ఉంటే వదిలేస్తారనుకోవడం ఎంత అమాయకత్వమో 2024 డిసెంబర్‌లో అందరికీ అర్థమై ఉండాలి, శ్రీరామ్ కృష్ణన్‌ని వైట్‌హౌస్ ఏఐ సలహాదారుగా ప్రకటించగానే ఆన్‌లైన్‌లో హెచ్1బీ గొడవ లేచి ఇండియన్స్ మొత్తాన్ని పట్టుకుని ఏమేం బూతులు రాశారో మీరూ చదివారు. అదే ఏడాది టెక్సాస్‌లోని షుగర్‌ల్యాండ్‌లో 90 అడుగుల హనుమంతుడి విగ్రహం పెడితే దాని దగ్గరికొచ్చి గోల చేసినవాళ్ళూ ఉన్నారు. అప్పుడు మన గ్రూపులన్నీ ఒక్కసారిగా మేలుకున్నాయి, పిటిషన్లు, ఫార్వర్డ్‌లు, కాంగ్రెస్‌మన్‌కి ఈమెయిళ్ళు. నో పాలిటిక్స్ రూల్ ఆ వారం ఏమైందో మరి.

మన అమ్మానాన్నల సంగతి చెప్తాను. మన సబ్‌డివిజన్లలో పొద్దున ఏడింటికి చూడండి, మంకీ క్యాప్, స్వెట్టర్, కింద పంచె, దానికింద అల్లుడు కొనిచ్చిన తెల్ల బూట్లు, చేతిలో ఏ కుక్కనో తోలడానికి ఒక చిన్న కర్ర, ఫుట్‌పాత్ మీద మెల్లగా నడుస్తూ ఎవరి ఇల్లైనా నచ్చితే ఆగి కాసేపు చూస్తారు, గార్డెన్‌లో ఏం వేశారో అని. 2015 ఫిబ్రవరిలో అలబామాలోని మాడిసన్‌లో సురేశ్‌భాయ్ పటేల్ గారు చేసింది కూడా ఇదే. 57 ఏళ్ళు, మనవణ్ణి చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చారు. ఎవరో పొరుగువాళ్ళు పోలీసులకి ఫోన్ చేశారు, సన్నగా ఉన్న నల్లజాతి మనిషి ఒకడు అనుమానంగా తిరుగుతున్నాడు అని. పోలీసులొచ్చి అడిగితే ఆయన ఇండియా, నో ఇంగ్లీష్ అన్నారు, కొడుకు ఇంటివైపు చూపించారు. కాళ్ళు లాగి నేలకేసి కొట్టాడు ఒక ఆఫీసరు, వెన్నుపూస దెబ్బతిని కాళ్ళూచేతులు సగం పడిపోయాయి. రెండుసార్లు జ్యూరీ తేల్చలేకపోయింది, చివరికి జడ్జి ఆ ఆఫీసర్‌ని నిర్దోషి అని వదిలేశారు. ఇక్కడికి నాలుగు గంటల డ్రైవ్ కూడా ఉండదు ఆ ఊరు.

మనలో చాలామంది నల్లజాతి వాళ్ళ గురించి ఇళ్ళల్లో ఏం మాట్లాడతారో నేను కొత్తగా చెప్పక్కర్లేదు, ఆ ఏరియాకి వెళ్ళొద్దు, ఆ స్కూల్లో వద్దు, ఆ మాటలన్నీ పిల్లలు వెనక సీట్లో కూర్చుని వింటూనే ఉంటారు. పటేల్ గారిని పడేసింది ఆ భయమే కదండీ, కాకపోతే ఫోన్ చేసినాయన నోట్లోంచి వచ్చింది.

మనం ఉంటున్న నేల సంగతి కూడా ఒకసారి చూడండి. ఫోర్సైత్ కౌంటీ అంటే మనకి మంచి స్కూళ్ళు, కొత్త ఇళ్ళు, వీధికి పది తెలుగు కుటుంబాలు. 1912లో ఇక్కడ ఒక తెల్ల అమ్మాయి హత్య జరిగితే, ఒక నల్లజాతి మనిషిని గుంపు కొట్టి చంపింది, ఇద్దరు టీనేజీ కుర్రాళ్ళని ఉరితీశారు, ఆ తర్వాత రాత్రుళ్ళు ఇళ్ళమీద పడి తగలబెట్టి దాదాపు 1,100 మంది నల్లజాతి వాళ్ళని కౌంటీ మొత్తంలోంచి తరిమేశారు. పొలాలు, చర్చిలు, అన్నీ వదిలేసి పోయారు. 75 ఏళ్ళ తర్వాత కూడా, 1987 జనవరి 17న నల్లజాతి పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ గారు కొద్దిమందితో శాంతియాత్ర చేస్తే రాళ్ళు, సీసాలు విసిరారు. తర్వాతి శనివారం దాదాపు 20,000 మంది వచ్చారు, మార్టిన్ లూథర్ కింగ్ గారి భార్య కొరెట్టా స్కాట్ కింగ్ గారితో సహా, వాళ్ళని కాపాడటానికి నేషనల్ గార్డ్ దిగాల్సొచ్చింది. ఆ రోజు కమ్మింగ్‌లో నడిచిన ఆ 20,000 మందిలో తెల్లవాళ్ళూ చాలామంది. వాళ్ళు నడవబట్టే మనలాంటి రంగువాళ్ళు ఇవాళ ఇక్కడ రెండున్నర లక్షలకి పైగా ఉన్న జనాభాలో కలిసిపోయి దీపావళికి వీధి మొత్తం లైట్లు పెట్టుకుంటున్నాం. హోమ్ ఓనర్స్ మీటింగ్‌లో ఈ సంగతి ఎవరూ చెప్పరు, రియల్ ఎస్టేట్ ఏజెంట్ అంతకన్నా చెప్పడు.

అసలు మనకి గ్రీన్‌కార్డ్ దారి తెరిచింది 1965 ఇమ్మిగ్రేషన్ చట్టం. అంతకుముందు 1917 నుంచి మనకి తలుపులు మూసేశారు, 1946లో తెరిచినప్పుడు ఇండియా మొత్తానికి ఏడాదికి 100 మంది అన్నారు. 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటుహక్కు చట్టం, వాటి వెనకాలే ఈ ఇమ్మిగ్రేషన్ చట్టం, అన్నీ ఒకే ఊపులో వచ్చినవి, దాని కోసం కుక్కల చేత కరిపించుకున్నది, ఫైర్ హోసుల ముందు నిలబడింది నల్లజాతి వాళ్ళేనని మనకి తెలుసు.

ఇంకా దగ్గరి సంగతి. మన జార్జియా రాష్ట్రంలో 2020 వరకు హేట్ క్రైమ్ మీద, అంటే జాతి, మతం లాంటివి చూసి ద్వేషంతో చేసే నేరాల మీద, అమల్లో ఉన్న చట్టమే లేదు, పాతది ఒకటుంటే 2004లో కోర్టు కొట్టేసింది. 2020 ఫిబ్రవరిలో బ్రన్స్‌విక్ దగ్గర జాగింగ్‌కి వెళ్ళిన అహ్మద్ ఆర్బరీని వెంటాడి కాల్చి చంపాక, ఆ గొడవ దేశమంతా పాకాక, జూన్‌లో గవర్నర్ కెంప్ కొత్త చట్టం మీద సంతకం పెట్టారు. ఏడాది తిరక్కముందే ఆ చట్టం కింద అట్లాంటా ఉన్న ఫుల్టన్ కౌంటీ డీఏ, అంటే ప్రభుత్వ ప్రాసిక్యూటర్, స్పా హత్యల్లో ఆ ఆసియా ఆడవాళ్ళ తరఫున హేట్ క్రైమ్ అని కేసు పెట్టారు. చెరొకీ కౌంటీలో మాత్రం జాతి ద్వేషానికి ఆధారం లేదని అక్కడి డీఏ అన్నారు, ఆ కాల్చినవాడు నేరం ఒప్పుకున్నాడు, అక్కడి నాలుగు హత్యలకి పెరోల్ లేని నాలుగు యావజ్జీవాలు పడ్డాయి. న్యాయవాదులు వాదించుకోనివ్వండి. నల్లజాతి కుర్రాడి చావుతో వచ్చిన చట్టం కొరియన్ అమ్మల కోసం నిలబడింది, రేపు మనింట్లో ఎవరికైనా జరిగితే మనకీ అదే దిక్కు.

మన ఇంటి సంగతి కూడా చూసుకుందాం, లేకపోతే ఇదంతా ఊరికి ఉపదేశం అవుతుంది. 2020 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో వనస్థలిపురంలో ఒక సూపర్‌మార్కెట్‌కి మణిపూర్ కుర్రాళ్ళు సరుకులకి వెళ్తే మొహాలు చూసి గుమ్మంలోనే ఆపేశారు, ఆధార్ కార్డ్ చూపించినా లోపలికి రానివ్వలేదు, చివరికి పోలీసులు కేసు పెట్టాల్సొచ్చింది. 2014లో ఢిల్లీలో నీడో తానియా అని అరుణాచల్ కుర్రాడు, జుట్టు రంగు చూసి వెక్కిరిస్తే ఎదురుతిరిగినందుకు కొట్టిన దెబ్బలకి చనిపోయాడు. అదే 2020లో ఇక్కడ మన గ్రూపుల్లో గబ్బిలాల సూప్ జోకులు, చైనా వాళ్ళ కళ్ళ మీద కార్టూన్లు ఎన్ని తిరిగాయో లెక్కలేదు. ఆ ఏడాదే మన పిల్లల క్లాసుల్లో కొరియన్ పిల్లల్ని కరోనా అని పిలిచారు, ఆ జోకు ఏ ఇంట్లోంచి వచ్చిందో ఎవరికి తెలుసు, మనింట్లోంచి కూడా అయ్యుండొచ్చు. ఆసియా వాళ్ళ మీద ద్వేషం గురించి ఫిర్యాదులు తీసుకోవడానికి స్టాప్ ఏఏపీఐ హేట్ అని 2020 మార్చ్‌లో మొదలైన సంస్థకి రెండేళ్ళలో 11 వేలకి పైగా ఫిర్యాదులు వచ్చాయి, చాలావరకు చంపడం కొట్టడం కాదు, తిట్టడం, ఉమ్మడం, మొహం తిప్పుకోవడం. గబ్బిలాల జోకు ఆ కుటుంబంలోదే.

కొరియన్ వాళ్ళు మనకి పరాయివాళ్ళేం కాదు కూడా. డలూత్ వైపు కొరియన్ మార్కెట్లు లేకపోతే మనకి లేత వంకాయలు, తోటకూర, ముల్లంగి ఆ రేటుకి ఎక్కడ దొరికేవి? మా పిల్ల లంగావోణీ అంచులు, మావారి షేర్వాణీ చేతులు, అన్నీ కుట్టేది ఒక కొరియన్ ఆవిడే, మీలో సగంమంది ఆవిడ దగ్గరికే వెళ్తారు. బ్లౌజ్ చూపించి ఇక్కడ ఒక డార్ట్ అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు, మన హుక్కులు ఏ వైపు ఉండాలో ఆవిడకి మనకంటే బాగా తెలుసు. ఆ మార్చ్ తర్వాత చాలా రోజులు ఆవిడ షాపు తలుపు లోపలనుంచి తాళం వేసుకుని కూర్చునేది. గాజులోంచి మొహం చూసి, తెలిసినవాళ్ళైతే లేచొచ్చి తీసేది, మళ్ళీ వేసేసేది. నేను ఏమనాలో తెలియక ఊరికే ఆర్ యూ ఓకే అన్నాను. ఓకే ఓకే అని గుండుసూదులు నోట్లో పెట్టుకుని పనిలో పడింది, వెళ్ళేటప్పుడు మాత్రం డబ్బులు తీసుకోకుండా రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది. మీ ఆడవాళ్ళొక్కరే అడిగారు అంది, వచ్చీరాని ఇంగ్లీషులో. అది విని నేను సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు.

మనకి కష్టమొచ్చినప్పుడు ఎవరు వచ్చారో చూడండి. 2023 జనవరిలో సియాటిల్‌లో పోలీస్ కారు గుద్ది చనిపోయిన కందుల జాహ్నవి మన ఆదోని అమ్మాయి. 25 మైళ్ళ లిమిట్ ఉన్న రోడ్డు మీద ఆ కారు 74లో ఉంది. ఇంకో ఆఫీసరు ఫోన్‌లో నవ్వుకుంటూ, 11 వేల డాలర్ల చెక్కు రాసేస్తే సరి, ఆ పిల్ల విలువ అంతంతమాత్రం అన్న మాటలు బాడీక్యామ్‌లో రికార్డయ్యి సెప్టెంబర్‌లో బయటపడ్డాయి. ఆ వీధి మూల ప్లకార్డులు పట్టుకుని నిలబడినవాళ్ళలో ఆదోని ఎక్కడుందో తెలియనివాళ్ళు, తెలుగు ముక్క రానివాళ్ళు బోలెడుమంది. 2024 జులైలో ఆ నవ్వినాయన ఉద్యోగం పోయింది, గొడవ చేయబట్టే పోయింది. శ్రీనివాస్ భార్య సునయన గారి సంగతీ అంతే, భర్త పోయిన రోజే ఆవిడ వీసా కూడా పోయింది, అది ఆయన హెచ్1బీకి కట్టేసి ఉంది కాబట్టి. అంత్యక్రియలకి హైదరాబాద్ వెళ్ళిన మనిషి తన ఇంటికి తను తిరిగి రావడానికి కాన్సాస్ కాంగ్రెస్‌మన్ కెవిన్ యోడర్ పూనుకోవాల్సొచ్చింది, ఆయన రిపబ్లికన్, ఆ రోజు ఎవరూ నో పాలిటిక్స్ అనలేదు.

ఇప్పుడు మీ దగ్గర్నుంచి నాకు ఏం కావాలో చెప్తాను, ర్యాలీలు ధర్నాలు అడగట్లేదు, భయపడకండి.

ఉగాది ఎలాగూ మార్చ్ ఏప్రిల్‌లలోనే వస్తుంది. సినిమా పాటల మెడ్లీ ఒకటి తగ్గించి, కొరియన్, చైనీస్, వియత్నామీస్, సిక్కు, నల్లజాతి సంఘాల పెద్దల్ని పిలవండి, ఉగాది పచ్చడి పెట్టండి, పది నిమిషాలు మైకు వాళ్ళకివ్వండి. స్పాన్సర్లకి అరగంట ఇస్తున్నాం, వీళ్ళకి పది నిమిషాలు పెద్ద లెక్క కాదు. వాళ్ళ చంద్రమానం కొత్త సంవత్సరానికి, సిక్కుల గురుపూరబ్‌కి, మార్టిన్ లూథర్ కింగ్ పేరు మీద జరిగే ఎంఎల్‌కే డే నడకకి మన బ్యానర్ పట్టుకుని మనం వెళ్ళాలి. బ్యానర్ ఎలాగూ ఉంది, గ్యారేజీలో దుమ్ము పట్టి.

రెండోది ట్రైనింగ్. ఎవరినైనా మన కళ్ళముందు వేధిస్తుంటే ఏం చేయాలో రైట్ టు బీ అనే సంస్థ ఉచితంగా ఆన్‌లైన్‌లో నేర్పిస్తుంది, గంట పని. ప్రతివాడూ వెళ్ళి తలపడక్కర్లేదని అందులోనే చెప్తారు. బాధపడుతున్న మనిషి దగ్గరికెళ్ళి తెలిసినవాళ్ళలా టైమెంతైంది, ఈ బస్సు ఎక్కడికెళ్తుంది అని మాట కలిపితే చాలు, తిట్టేవాడి ఊపు సగం తగ్గుతుంది. అది చేతకాకపోతే మేనేజర్‌నో సెక్యూరిటీనో పిలవొచ్చు, దూరం నుంచి వీడియో తీసి ఆ వీడియో బాధితులకే ఇవ్వొచ్చు, వాళ్ళని అడక్కుండా మన స్టేటస్‌లో పెట్టకూడదు, ఇది మనవాళ్ళకి ముఖ్యంగా చెప్పాలి. ఏదీ కుదరకపోతే అంతా అయ్యాక వెళ్ళి పక్కన కూర్చుని నీళ్ళ బాటిల్ ఇచ్చి కారు దాకా తోడెళ్ళొచ్చు. నాకు ఈ చివరిదే అన్నిటికంటే నచ్చింది, నాలాంటి పిరికిదానికి కూడా చేతనవుతుంది. తానే చేసి చూపించకుండా స్టేజీ మీద ధైర్యం గురించి ఉపన్యాసం ఇచ్చేవాళ్ళ జోలికి మాత్రం వెళ్ళకండి, అలాంటివాళ్ళు మన దగ్గరే దండిగా ఉన్నారు.

మూడోది, మనవాళ్ళకి జరిగినప్పుడు దాచుకోవడం. హెచ్1బీ మీద ఉన్న కుర్రాడిని ఎవడో పార్కింగ్‌లో తిట్టి నెట్టేస్తే, పోలీస్ కంప్లైంట్ ఇస్తే వీసా స్టాంపింగ్‌లో ఏమవుతుందో అని నోరు మెదపడు, స్టూడెంట్స్ అయితే మరీ. బాధితుడు ఫిర్యాదు ఇవ్వడానికి సిటిజన్ అయ్యుండక్కర్లేదు. జార్జియా చట్టం ప్రకారం ద్వేషంతో చేశారన్న అనుమానం ఉంటే పోలీసులు ప్రత్యేకంగా ఒక రిపోర్ట్ రాయాలి, మనం అడక్కపోతే చాలాసార్లు రాయరు. మన సంఘాల్లో ఇమ్మిగ్రేషన్ లాయర్లకి కొదవలేదు, నెలకొకసారి ఒక గంట వీటి మీద కూర్చోబెట్టండి, కొత్తగా వచ్చిన ఎం.ఎస్. పిల్లలకి ఓరియంటేషన్‌లో చెప్పండి. ఎవరికి ఫోన్ చేయాలో తెలుగులో, కొరియన్‌లో, స్పానిష్‌లో ఒక పేజీ వేసి ఇండియన్ స్టోర్ గుమ్మంలో సినిమా పోస్టర్ల పక్కన అతికించండి. ఖర్చు నేను పెట్టుకుంటా.

అడ్మిన్‌లకి ఒక మాట. నో పాలిటిక్స్ రూల్ ఉంచుకోండి, మంచిదే, ఎలక్షన్ల టైంలో నాక్కూడా ప్రశాంతంగా ఉంటుంది. కానీ ఒక జాతిని వెక్కిరించే ఫార్వర్డ్ వస్తే, అది చైనీస్ మీదైనా, ముస్లింల మీదైనా, నల్లజాతి మీదైనా, మన ఈశాన్య రాష్ట్రాల వాళ్ళ మీదైనా తీసేయండి, పెట్టినవాడికి విడిగా ఒక ముక్క చెప్పండి, మీ మాట వింటారు. మీకు ఆ పెద్దరికం ఉంది కాబట్టే ఈ ఉత్తరం మీకు రాస్తున్నా, కౌంటీ కమిషనర్‌కి రాయట్లేదు.

ఇంకో చిన్న సంగతి, కాకతాళీయమే కానీ చెప్పాలి. శ్రీనివాస్ చనిపోయిన తర్వాత కాన్సాస్ గవర్నర్ బ్రౌన్‌బ్యాక్ మనవాళ్ళకి క్షమాపణ చెప్పి, 2017లో మార్చ్ 16ని ఇండియన్ అమెరికన్ల రోజుగా ప్రకటించారు. నాలుగేళ్ళ తర్వాత అదే తేదీకి ఇక్కడ పీడ్‌మాంట్ రోడ్డు మీద అది జరిగింది. మనకి ఆ తేదీన గౌరవం ఇచ్చారు కదా, ఏటా ఆ రోజు సాయంత్రం ఆ స్పాల ముందు పూలు పెట్టడానికి కొరియన్ వాళ్ళు వచ్చినప్పుడు మనవాళ్ళు ఒక పదిమంది వస్తే బాగుంటుంది. పోయినసారి నేను, మా పక్కింటి వదిన, వాళ్ళ అమ్మాయి, అంతే.

వచ్చే కమిటీ మీటింగ్ ఎప్పుడో చెప్పండి, అజెండాలో చివరన పెట్టినా పర్లేదు, మీ టీలు సమోసాలు అయ్యాకే మాట్లాడతా. ప్రొజెక్టర్ అక్కర్లేదు. ఆ కన్నుకొట్టే బొమ్మ పెట్టిన అన్నయ్యగారు కూడా వస్తే ఇంకా మంచిది, ఆయనతో నాకు కోపమేం లేదు, ఆయన భార్య బ్లౌజులు కూడా ఆ కొరియన్ ఆవిడే కుడుతుంది.

ఇట్లు,
కమ్మింగ్ నుంచి మీ చెల్లెలు